ఊహించుకోండి, బల్బు వెలిగింది

...కాబట్టి, ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవాలంటే కరెంటు లేని కాలేజీని మించింది లేదు! నవ్వకండి. ఉద్యోగం ఊడిన నలభై ఆరేళ్ళ మనిషిని, ఆరు నెలలుగా కమ్యూనిటీ కాలేజీలో ఈ విద్య చదువుతున్నాను. అనుభవం మీద చెబుతున్నాను.

మా ల్యాబ్‌లో కరెంటు ఉండదు. విద్యార్థుల భద్రత కోసం తీసేశారు. మెయిన్ స్విచ్‌కి తాళం, తాళంచెవి ఆఫీసులో, ఆఫీసుకి మళ్ళీ తాళం. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశాం. మా దగ్గర చేతులే కాలవు. ఆకులన్నీ మిగులే!

వైర్లు కలిపి, స్విచ్ వేసి, అందరం మాస్టారి వైపు చూస్తాం. ఆయన కళ్ళు మూసుకుని, "ఊహించుకోండి, బల్బు వెలిగింది" అంటారు. మేం రికార్డులో "వెలిగింది" అని రాసుకుంటాం. ఒకసారి పక్క బెంచీ టైలరమ్మ, "నాది వెలగలేదు మాస్టారూ" అంది.

"నీకు ఊహ తక్కువమ్మా" అన్నారాయన.

పాపం, ఆవిడకి మార్కులూ తక్కువే వచ్చాయి. నాకు నూటికి తొంభై ఆరు!

నాకు ఇందులో ఇంకో మేలుంది. కరెంటంటే నాకు చచ్చేంత భయం. భయం ముందు వేళ్ళలో పుడుతుంది. బుర్ర తర్వాత తీరిగ్గా దానికి కారణం వెతుక్కుంటుంది. మా ల్యాబ్‌లో నా వేళ్ళు ఒక్కసారీ వణకలేదు. తాడుని తొక్కి, పాముని జయించాననుకోవడంలో ఎంత సుఖముందో మీకేం తెలుసు?

కాలేజీవాళ్ళు ఎర్ర పిడి టెస్టరు కూడా ఇచ్చారు. కరెంటు ఉన్నచోట ఆనిస్తే అందులో చిన్న దీపం వెలుగుతుందట. ఆరు నెలల్లో ఒక్కసారీ వెలగలేదు. అంటే ఎక్కడా ప్రమాదం లేదన్నమాట!

నిన్న పొద్దున బాత్రూంలో గీజరు స్విచ్ ముట్టుకుని మా పాప కెవ్వుమంది. చెయ్యి జివ్వుమందట.

"ఎవరినైనా పిలుద్దామా?" అంది మా ఆవిడ.

"ఇంట్లో నేనుండగానా?"

"అందుకే అడుగుతున్నా."

స్విచ్‌బోర్డు పలక విప్పాను. టెస్టరు ఆనించాను. వెలగలేదు. "కరెంటు లేదు" అని ప్రకటించి, వదులైన వైరు వైపు వేలు చాచాను.

"మరి గీజరు మీద ఆ ఎర్రలైటు దేనికి వెలుగుతున్నట్టు? అది కూడా ఊహేనా?" అంది మా ఆవిడ.

వేలు ఆగింది. హాల్లోకి వెళ్ళి టీవీ బోర్డులో టెస్టరు పెట్టాను. టీవీ గొంతు చించుకుంటోంది. టెస్టరు మాత్రం మౌనం. ఫ్రిజ్ దగ్గరా అంతే.

మొదటి రోజు నుంచీ అది చచ్చిందే! కరెంటు లేనిచోట చచ్చిన టెస్టరేదో బతికిన టెస్టరేదో ఎవరు కనిపెడతారు? ఎలక్ట్రీషియనైనా సరే!

నా వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఆరు నెలల్లో అవి నేర్చుకున్న మొదటి పాఠం.

పాప గుమ్మంలో నిలబడి, నొప్పెడుతున్న చేతిని చంకలో దాచుకుని చూస్తోంది.

"ముందు ఏం చెయ్యాలని చెప్పారు నాన్నా మీ మాస్టారు?"

ఊహించుకోమన్నారు. ఆ మాట దానితో అనలేకపోయాను. స్టూలు లాక్కుని ఎక్కి, వీధి తలుపు పైనున్న కరెంటు పెట్టె తెరిచి, వణుకుతున్న చేత్తోనే మెయిన్ స్విచ్ దించేశాను.