ముఖం కడుక్కునే బ్రౌజర్

ఆ ఊళ్లో బ్రౌజర్లు మనుషులే కాబట్టి, వేరు పొయ్యి పెట్టుకున్న ప్రతి కొత్త జంటా నెల తిరిగేలోపు ఒక బ్రౌజర్‌ని ఇంట్లో పెట్టుకోవాలని పురపాలక సంఘం వారి నిబంధన. కుళాయికి, కరెంటు మీటరుకి ఎలా దరఖాస్తు చేసుకుంటారో దీనికీ అలాగే చేసుకుంటారు. ఏదైనా చూడాలనిపిస్తే బ్రౌజర్‌తో చెప్పాలి. అతను వెళ్లి, చూసి, తిరిగొచ్చి, ఎదురుగా నిలబడి కళ్లు పెద్దవి చేస్తాడు. చూసొచ్చిందంతా ఆ కళ్లల్లో కనబడుతుంది. చాలు అంటే రెప్ప వాలుస్తాడు. బయటి సంగతులు ఎవరికి వారు వెళ్లి కనుక్కోవడం ఊరి జనం మానేసి చాలా ఏళ్లయింది. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ప్రణవికి పెళ్లయి మూడు వారాలు. అత్తవారింటి మేడమీద ఒక గది, ఒక వంటగది వాళ్లిద్దరికీ ఇచ్చారు. నేల మీద తన మెట్టెలు టిక్కుటిక్కుమనడం, భర్త జగదీష్ చొక్కాలు తన చీరల పక్కన వేలాడడం, ఇద్దరికీ కలిపి ఒకే సబ్బుపెట్టె ఉండడం, ఇవన్నీ ఆమెకు రోజూ కొత్తగా సంతోషం కలిగించేవి. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది కానీ, కరివేపాకు రెబ్బ నూనెలో పడి చిటపటమన్నప్పుడు కలిగిన ఆనందం ఏ ప్రయోగశాలలోనూ కలగలేదు.

ఒక్కటే కొరత. ఆ ఇంట్లో ఎవరూ ఎక్కడికీ ఇద్దరుగా వెళ్లరు. పెళ్లయ్యాక మొదటి సినిమాకి వెళితే ఒక వరస సీట్లన్నీ ఇంటివాళ్లవే అయ్యాయి. ప్రణవికీ జగదీష్‌కీ మధ్య చిన్నత్తగారు కూర్చుని ఇద్దరికీ పాప్‌కార్న్ పంచిపెట్టింది. అందరూ ప్రేమగల మనుషులే. అందుకే ఎవరినీ వద్దనలేకపోయింది. కానీ లంబసింగి కొండమీద, పొగమంచులో, ఒక్క రెండు రోజులు తామిద్దరే ఉండాలని ఆమెకు పెద్ద ఆశ. ఆ ఆశ ఎవరికీ తెలియకుండా తీరితేనే తీరినట్టు.

సొంత బ్రౌజర్ వచ్చేదాకా కింది వాటా బ్రౌజర్ సన్యాసిరావునే వాడుకోమని అత్తగారు కమలవేణి చెప్పింది. సన్యాసిరావు ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లోవాడు. జీతం అడగడు. మహా వేగం. తిండి మాత్రం ఎక్కువ, ఇంటెడు అన్నం ఒక్కడే తినేస్తాడు. ఒకేసారి చాలా పనులు చెబితే నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. అప్పుడు భుజం పట్టి గట్టిగా కుదిపి, కూర్చోబెట్టి, మళ్లీ లేపాలి. అతని నుదురు, బుగ్గలు, మెడ, మోచేతుల దాకా బొట్లే.

బొట్ల సంగతి అందరికీ తెలిసిందే. బ్రౌజర్ ఏ గుమ్మం ముందుకు వెళ్లినా కుంకుమ భరిణె పట్టుకుని ఒకరు నిలబడి ఉంటారు. "బొట్టు పెట్టమంటారా?" అని మర్యాదగా అడుగుతారు. మళ్లీ వచ్చినప్పుడు ఆనవాలు పట్టడానికట. సరేనంటే తలుపు తెరుచుకుంటుంది. వద్దంటే, ఏ బొట్టు వద్దో, ఏ బొట్టు తప్పనిసరో, దేనివల్ల ఏ సౌకర్యమో వివరంగా చెప్పే పెద్దమనిషి లోపలినుంచి వస్తాడు. ఆయన తీరిగ్గా భోజనం చేసి గానీ రాడు. అందుకని అందరూ సరేనంటారు. ఆ బొట్లు చదవడం నేర్చినవాళ్లకి, ఎవరు ఎక్కడికి వెళ్లారో, ఏం చూశారో, దేని ముందు ఎంతసేపు ఆగారో తెలిసిపోతుంది. నేర్చుకోవడం కష్టమేమీ కాదు.

ఒక ఉదయం ప్రణవి గొంతు తగ్గించి, లంబసింగిలో ఇద్దరికి గది ఎక్కడ దొరుకుతుందో చూసిరమ్మని సన్యాసిరావుకి చెప్పింది. ఆమె జడ వేసుకోవడం పూర్తయ్యేలోపే తిరిగొచ్చాడు. అతని కళ్లల్లో చక్కటి గది, కిటికీ, కిటికీ నిండా మంచు. ఆమె మనసు తేలిపోయింది. మధ్యాహ్నానికి స్వెట్టర్లవాడు మెట్లెక్కి వచ్చి, అమ్మగారికి లేతరంగు బాగుంటుందన్నాడు. సాయంత్రానికి కమలవేణి మేడమీదికొచ్చి, పెద్దాడపడుచు కూడా వస్తానంటోందనీ, వాన్ మాట్లాడేశాననీ, పులిహోర తను కలుపుతాననీ సంతోషంగా చెప్పింది. ఆ పులిహోర రుచి తెలుసు కాబట్టి ప్రణవి నిజంగానే కృతజ్ఞతతో తలూపింది. రాత్రి దిండులో మొహం పెట్టుకుంది. వాన్‌వాడికి వేరే బేరం తగలడంతో ఆ ప్రయాణం వాయిదా పడింది.

మర్నాడే ఇద్దరూ పురపాలక సంఘం బ్రౌజర్ల విభాగానికి వెళ్లారు. పొడుగాటి హాల్లో బెంచీల మీద బ్రౌజర్లు కూర్చుని ఉన్నారు. గుమస్తా ముందుగా గుమ్మం దగ్గర కునుకుతున్న ఒకతన్ని చూపించాడు. ఇంటితోపాటు ఉచితంగా వచ్చే బ్రౌజర్ అతనే. అతన్ని ప్రతి ఇంటివాళ్లూ ఒక్కసారే వాడతారు, వేరే బ్రౌజర్ ఎక్కడ దొరుకుతాడో చూసిరమ్మని. అతను దానికేమీ అనుకోడు. ప్రణవికి అతని మీద జాలి కలిగి, సంచిలోని అరటిపండు ఇచ్చింది. మిగతావాళ్లందరూ సన్యాసిరావు లాంటివాళ్లే. చలాకీగా లేచి నిలబడ్డారు. ఒకతను ఆమె అడక్కముందే, "స్వెట్టరు తీసుకున్నారా అమ్మా?" అన్నాడు.

చివరి బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నడివయసు, నేతచీర, నుదుటన ఒక్క బొట్టూ లేదు. పేరు పైడమ్మ.

"ఈవిడని మేం సాధారణంగా చూపించం," అన్నాడు గుమస్తా కొంచెం మొహమాటంగా. "నమ్మకస్తురాలు. ఎప్పుడూ పడిపోయింది లేదు. కానీ జీతం అడుగుతుంది."

"మరి మిగతావాళ్లకి జీతం ఎవరిస్తారండీ?" అంది ప్రణవి.

గుమస్తా పైకి, తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదనీ, వేసినందుకు సంతోషంగా ఉందనీ చెప్పి, పైడమ్మ కాగితాల మీద ముద్ర వేసి ఇచ్చేశాడు.

పైడమ్మ పద్ధతి వేరు. ఎక్కడికైనా వెళ్లేముందు ఆ గుమ్మానికి తాళం గట్టిగా ఉందో లేదో కనుక్కుంటుంది. లేకపోతే, "ఆ ఇంటికి తాళం లేదమ్మా, ఎల్లమంటావా?" అని వెనక్కొచ్చి అడుగుతుంది. బొట్టు పెట్టబోతే వద్దంటుంది. భోజనం చేసి వచ్చే పెద్దమనిషి కోసం అరుగు మీద కూర్చుని ఓపిగ్గా ఎదురుచూస్తుంది. తప్పనిసరి అని ఒకటో రెండో పెడితే, తిరిగొచ్చాక పెరటి కుళాయి దగ్గర సున్నిపిండితో ముఖం రుద్ది కడుక్కుంటుంది. రాత్రి పడుకుని పొద్దున్న లేచేసరికి, నిన్న ఎక్కడికి వెళ్లిందో, ఎవరు పంపారో, ఒక్క ముక్క గుర్తుండదు.

"ఎవులమ్మా మీరు?" అని అడుగుతుంది రోజూ, కాఫీ గ్లాసు అందుకుంటూ.

"నేను ప్రణవినండీ. ఈయన మా ఆయన," అని ప్రణవి రోజూ చెబుతుంది.

మొదట్లో జగదీష్ విసుక్కున్నాడు. ప్రణవి మాత్రం ఆ నిమిషం కోసమే పొద్దున్నే లేచేది. 'మా ఆయన' అని ఎవరికైనా కొత్తగా చెప్పుకునే అవకాశం పెళ్లయిన ఆడపిల్లకి ఎన్నిసార్లు వస్తుంది? తనకి ప్రతి ఉదయం వస్తోంది. అందుకు ఆమె పైడమ్మకి మనసులోనే దణ్ణం పెట్టుకునేది.

లంబసింగి గది చూడడానికి పైడమ్మకి ఒక పూటంతా పట్టింది. ఆలస్యమేమిటని అడిగితే తాపీగా చెప్పింది.

"నాను మనిసినేనని రుజువు సూపమన్నారమ్మా. బొమ్మల్లో బస్సులేవో ఏరమన్నారు. ఏరినాను. మల్లీ మెట్లేవో ఏరమన్నారు. ఏరినాను. ఆయమ్మ నన్ను తేరిపార సూసి, అప్పుడు తలుపు తీసింది."

ఆమె కళ్లల్లో అదే గది, అదే కిటికీ కనబడ్డాయి. ఆ మధ్యాహ్నం స్వెట్టర్లవాడు రాలేదు. సాయంత్రం కమలవేణి మేడెక్కలేదు. ఆ నిశ్శబ్దానికి ప్రణవి చెవులు గింగురుమన్నాయి. స్నేహితుడి గృహప్రవేశమని కింద చెప్పి, ఇద్దరూ శనివారం తెల్లవారుజామునే బండి మీద బయల్దేరారు.

కొండమీద వాళ్లు అనుకోనిది ఒక్కటే జరిగింది. బ్రౌజర్ చూడ్డానికే వెళుతుంది, ఉండడానికి వెళ్లాల్సింది మనుషులే కదా. గది గుమ్మంలో కుంకుమ భరిణె పట్టుకున్నావిడ నవ్వుతూ ఎదురొచ్చి, "బొట్టు పెట్టమంటారా?" అని అడిగింది. బయట చలి కొరుకుతోంది. లోపల వేడినీళ్లు కాగుతున్నాయి. ఇద్దరూ తలలు వంచారు. టీ కొట్టు దగ్గర వంచారు. స్ట్రాబెర్రీ తోట దగ్గర, వెదురు బొంగులో చికెన్ కాల్చేచోట, మంచు చూడడానికి కట్టిన మంచె దగ్గర వంచారు. ప్రతిచోటా ఎంతో ఆదరంగా పెట్టారు. పెట్టించుకున్న ప్రతిసారీ ప్రణవికి పేరంటానికి వెళ్లినట్టే అనిపించింది.

మంచెకీ తోటకీ మధ్య దారిలో ఒక కల్వర్టు ఉంది. మంచు దట్టంగా కమ్మేసి దారి కనబడక జగదీష్ బండి ఆపాడు. చుట్టూ ఏ గుమ్మమూ లేదు, ఏ భరిణా లేదు. ఇద్దరూ కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. ఎవరిముందూ నోరు విప్పి పాడి ఎరగని జగదీష్, ఎందుకో చిన్నప్పుడు వాళ్ల నాన్నమ్మ పాడిన జోలపాట ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, సగం మాటలు రావు. రాని చోట 'ఊఁ ఊఁ' అన్నాడు. మంచులో అతని ముక్కు ఒక్కటే ఎర్రగా కనబడుతోంది. ప్రణవి నవ్వలేదు. కదిలితే ఆగిపోతాడేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. ఇది నాకు మాత్రమే, అనుకుంది. కొండకి, మంచుకి, బండి ఆగేలా చేసిన దారికి కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఇంటికి చేరేసరికి కమలవేణి గుమ్మంలోనే ఉంది. కోడలి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, బొట్లన్నీ ఒక్కొక్కటిగా చదివింది.

"లంబసింగేమిటే పిల్లా? గృహప్రవేశం అక్కడా?" అంది. ఇంకొంచెం దగ్గరికి లాగి చూసింది. "టీ కొట్లో ఇద్దరూ ఒకే గ్లాసులో తాగారా? ఇంకో గ్లాసు ఇవ్వనన్నాడా ఏం?"

కోపమేమీ లేదు. వేడినీళ్లు పెట్టించింది, మిరియాల చారు కాచింది, ఈసారి అందరం వెళదామంది. సన్యాసిరావు పొయ్యి దగ్గర నిలబడి ఆ చారు మూడొంతులు తాగాడు. ప్రణవి సిగ్గుతో తల దించుకుని అన్నం కలుపుకుంటూ, కల్వర్టు మీది పాటని మనసులో తడిమి చూసుకుంది. అది ఉంది. ఏ బొట్టులోనూ లేదు. ఆ రాత్రి ఆమెకు మంచి నిద్ర పట్టింది.

రెండు రోజుల తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను మేడమెట్లెక్కి వచ్చాడు. చేతిలో వెండి భరిణె, బొట్లు పెట్టేవాళ్ల తాలూకు మనిషి. జగదీష్ ఆఫీసుకి వెళ్లాడు. పైడమ్మ పెరటి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది. ఆయన చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు కూడా తీసుకోకుండా విషయానికి వచ్చాడు. దంపతులు మంచె దగ్గర కనబడ్డారు, తోట దగ్గర కనబడ్డారు. మధ్యలో కాసేపు ఎక్కడా కనబడలేదు. ఆ కాసేపు ఏమయిందో తెలిస్తే ఇకముందు మరింత బాగా చూసుకోగలుగుతారట. బలవంతం లేదు. చెప్పకపోయినా పర్వాలేదు.

"ఆ ఖాళీ చూసి మావాళ్లు కంగారుపడ్డారమ్మా," అన్నాడు. "చలికాలం, కొండదారి. ఏమైనా అయిందేమోనని."

ప్రణవి అతని ముఖంలోకి చూసింది. నిజంగానే కంగారుపడ్డ మనిషిలా ఉన్నాడు. ఇంత పెద్ద లోకంలో తామిద్దరూ కనబడని ఆ కాసేపటిని గమనించి, దానికోసం ఇంతదూరం ఎండలో వచ్చాడు. కన్నతల్లి కూడా ఆ పూట ఫోన్ చేయలేదు. వాకిట్లోకి వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపడం ఆమె పెరిగిన ఇంట్లో లేదు. చూస్తే ఇంట్లో ఇవ్వడానికి ఒక్క పండు కూడా లేదు.

"మా ఆయన జోలపాట పాడారండీ," అంది మెల్లగా, తల వంచుతూ.

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. రెండు కనుబొమల మధ్య, ఖాళీగా మిగిలిన చోట, వేలికొసతో బొట్టు పెట్టాడు. చల్లగా ఉంది. ఆయన మెట్లు దిగి వెళ్లేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి, సున్నిపిండి డబ్బా మూత తీసి, ఆలోచించి, మళ్లీ పెట్టేసింది. అంత ప్రేమగా పెట్టిన బొట్టు చెరుపుకోవడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున పైడమ్మ కాఫీ గ్లాసు అందుకుని, ఎప్పటిలాగే ఆమెని పరీక్షగా చూసింది.

"ఎవులమ్మా మీరు?"

ప్రణవి నోరు తెరిచేలోపే మెట్ల మీద ఆయాసపడుతూ హార్మోనియం దింపుతున్న ఎవరో ముసలి సంగీతం మాస్టారు తలెత్తి, "ఆవిడ ప్రణవి గారు. వాళ్లాయన పాడతారు. జోలపాటలు," అని చెప్పాడు.

పైడమ్మ తలూపి కాఫీ తాగింది. మాస్టారి వెనకాల ఊయలలు అమ్మే మనిషి కూడా ఎక్కి వస్తున్నాడు. ప్రణవి తెరిచిన నోరు మూసుకుంది. పాపం అంత పెద్దాయన, ఇంత బరువు మోసుకొచ్చి, తన తరఫున ఆయనే చెప్పాడు. ఇక రోజూ చెప్పుకునే శ్రమ తప్పింది. ఆమె గబగబా లోపలికి వెళ్లి, కృతజ్ఞతతో, ఇంకో రెండు గ్లాసుల కాఫీ కలిపింది.