పుట్టింటి రక్తం

ఆదివారం పొద్దున్న విజయకుమారి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి కొత్తపేటలో బస్సెక్కాలి. పుట్టింటివాళ్లు ముగ్గురు నేరుగా అమలాపురం వస్తారు. హైదరాబాదు డాక్టర్లకు తలో చెంచాడు రక్తం ఇచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఎవరిళ్లకు వాళ్లు చేరుకోవాలి.

పదిహేనేళ్ల కిందట ఆమెకు క్షయ వస్తే మూడు నెలలపాటు ఇంజక్షన్లు చేశారు. జబ్బు పోయింది. దాంతోపాటు ఎడమ చెవి పోయింది, కుడి చెవిలో హోరు మిగిలింది. అదంతా పాత సంగతి. కూతురు సాయిదుర్గకు రెండేళ్ల కిందట మెడలో గడ్డలుగా అదే జబ్బు వచ్చి బిళ్లలతో తగ్గింది. పోయిన నెల తిరగబెట్టింది. ఈసారి బిళ్లలతోపాటు ఆ ఇంజక్షనే రాశారు. "పది రోజులు ఆగండి బాబూ, ఆ పరీక్షేదో తేలనివ్వండి" అని విజయకుమారి డాక్టరును బతిమాలుకుంది. ఆ పదిలో నాలుగు రోజులు అయిపోయాయి.

పరీక్ష కబురు తెచ్చినవాడు హెల్తు అసిస్టెంటు నతానియేలు.

"ఆ ఇంజక్షను అందరి చెవులూ పాడు చెయ్యదంటండి. కొందరికి పుట్టుకతోనే ఏదో తేడా ఉంటదంట. అదెవరికుందో హైదరాబాదు డాక్టర్లు రక్తం చూసి కనిపెడతారంట. తల్లివైపు వాళ్లు ముగ్గురు రావాలన్నారండి."

"మా అమ్మ పోయి పన్నెండేళ్లయింది కదండీ."

నతానియేలు తడుముకోలేదు. "ఆడవాళ్లకి తల్లివైపంటే పుట్టిల్లే కదండీ" అని తేల్చేశాడు.

"ఆయ్, అంతే కదండీ" అంది విజయకుమారి. అందులో ఎవరికీ అనుమానం కలగలేదు.

వంటింట్లోంచి అత్తగారు సుబ్బమ్మ అందుకుంది. "నే చెప్పలా? లోపం మీ పుట్టింటి వైపే. మా వాళ్లవన్నీ పాము చెవులు!" పదిహేనేళ్లుగా అదే పాట. విజయకుమారి పుట్టినప్పుడు మొదటి నీళ్లు పోసింది ఆవిడే కనుక, ఆ చనువుతో ఏమైనా అనగలదు.

ఆ మాట విజయకుమారి ఊరుకోలేక ఫోనులో బాబాయి బంగారరాజుకు చెప్పింది. చెప్పడమే పొరపాటైంది. ఆయన ముమ్మిడివరంలో రొయ్యల చెరువులు చేస్తాడు. పరువు విషయంలో మాత్రం ఎవరి సలహా తీసుకోడు.

బస్సులో కూతురితోపాటు భర్త బాబ్జీ, అత్తగారు కూడా ఎక్కారు. "మీరెందుకండీ?" అంటే, "డాక్టరు నోటితో వినాల" అంది సుబ్బమ్మ.

అమలాపురంలో ఒక బడి వరండాలో అప్పటికే రోగులు కబుర్లలో పడ్డారు. శ్రీరామచంద్రమూర్తి మాస్టారు పక్కనున్న ఆటో నూకరాజును గట్టిగా అడుగుతున్నారు. "మీ చెవిలో ఏం చప్పుడండీ?"

"రైసుమిల్లండి. రేయింబగళ్లు ఆడతానే ఉంటది. తమరికో?"

"కీచురాయి. పాతికేళ్లయి అరుస్తోంది, దానికి అలుపు లేదు."

"అదే ఇంజక్షను మా ఆవిడకీ చేసేరండి. దానికేం కాలేదు. నేను అగ్గిపుల్ల గీస్తే వీధి చివర్నించి వినేస్తది. నాకే ఎందుకు పోయిందండీ?"

"అదే కదా వీళ్లు వెతికేది!"

"కనిపెడితే మన చెవులొస్తాయాండీ?"

"మనకి రావు. మన పిల్లలకి పోకుండా ఉంటాయి."

విజయకుమారి ఆ మాట వినడానికే వచ్చినట్టు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వ్యాను వచ్చింది. అందులోంచి పదకొండుమంది దిగారు. చివర్న నోరు విప్పని ఆమె తండ్రి కేశవరావు.

"ఇదేంటి బాబాయ్? ముగ్గుర్ని కదా రమ్మంది!"

"మన ఇంటిపేరున్నోళ్లెవర్నీ వదల్లేదమ్మా. లోపం ఎవరిదో ఇయ్యాల తేలిపోవాల" అంటూ బంగారరాజు గేటు దాకా నడిచి వెనక్కి తిరిగాడు. "సుబ్బమ్మగారూ! నేనిక్కడ నిలబడతాను, మీరక్కణ్నించి గొణగండి!"

"నీతో గొణుక్కునే కర్మ నాకేం పట్టింది" అని గొణిగింది సుబ్బమ్మ.

"వినపడింది!"

ఈలోగా విజయకుమారి మేనత్త కళ్లు తిరిగి కూలబడింది. రక్తపరీక్ష అంటే పరగడుపున రావాలని నతానియేలు చెప్పాడట. పదకొండుమందీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. కొబ్బరిబొండాలు తేవడం, అందరికీ పట్టించడం, పదకొండు పేర్లు రిజిస్టరులో ఎక్కించడం అయ్యేసరికి పన్నెండున్నర. ఒంటిగంటకు డాక్టర్ల జీపు బయల్దేరాలి.

డాక్టరు మాధవీలత ఆ వరుసను చూసి కళ్లద్దాలు తీసింది. "వీళ్లంతా ఎవరండీ?"

"మా పుట్టింటివాళ్లండి."

"నాన్నగారి వైపు రక్తం నాకు పనికిరాదమ్మా. ఈ తేడా తల్లి నుంచే పిల్లలకు దిగుతుంది."

"మా రక్తం పనికిరాదా!" బంగారరాజు అదిరిపోయాడు. "పొద్దుణ్నించి మాడిపోతన్నామండీ!"

"మిమ్మల్ని మాడమన్నదెవరు?"

అందరూ నతానియేలు వైపు చూశారు. నతానియేలు రిజిస్టరు వైపు చూశాడు.

విజయకుమారికి ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మిగిలినవి ఆరే రోజులు.

"మీ అమ్మగారి తల్లి గాని, తోడబుట్టినవాళ్లు గాని ఎవరూ లేరా?" అడిగింది మాధవీలత.

ఆ రోజు మొదటిసారి కేశవరావు నోరు విప్పాడు. "మా అత్తగారున్నారు కదండీ."

"ఎక్కడ?"

"అదిగోనండి, బెంచీ మీద. పక్కనున్నోడు మా బావమరిది."

బెంచీ మీద ఉన్నది సుబ్బమ్మ, బాబ్జీ.

ఇరవయ్యేళ్ల కిందట విజయకుమారిని మేనమామ బాబ్జీకే ఇచ్చారు. పెళ్లిపీటల మీదే అమ్మమ్మ అత్తగారైపోయింది, మామయ్య 'ఏవండీ' అయ్యాడు. మగపెళ్లివారు మగపెళ్లివారే. తను మగపెళ్లివారి మనిషినన్న సంగతి సుబ్బమ్మ ఒక్కనాడూ మరిచిపోలేదు. ఆ పిల్లను కన్నది తన కూతురేనన్న సంగతే మరిచిపోయింది. అమ్మమ్మ, మామయ్య, కూతురు. కావలసిన ముగ్గురూ ఆమె ఇంట్లోనే రోజూ అన్నం తింటున్నారు.

"మీ తోడబుట్టినవాళ్లలో ఎవరికైనా ఇంజక్షన్ల తరవాత చెవులు పోయాయాండీ?" మాధవీలత అడిగింది.

సుబ్బమ్మ అంది: "మా చెల్లికండి. పిలిస్తే పలికేది కాదు. మొండితనమని తిట్టేవాళ్లం." తరవాత లేచి చెయ్యి చాపింది. "ముందు నాది తియ్యండమ్మా. పిల్లకి ఆ సూది పడకూడదు."

ఫలితం వచ్చేదాకా ఆగనక్కర లేదంది మాధవీలత. ఆ ఇంజక్షను ఆపి, సాయిదుర్గకు వేరే మందు చూడమని అక్కడికక్కడే ఉత్తరం రాసిచ్చింది. ఆ ఉత్తరాన్ని విజయకుమారి నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

తిరుగు ప్రయాణం అందరిదీ వ్యానులోనే. బంగారరాజు ఇడ్లీ తింటున్నాడు. విజయకుమారి ఇరవయ్యేళ్ల తరవాత మొదటిసారి, "అమ్మమ్మా, లోపం ఎటువైపో తేలినట్టేనా?" అని అడిగింది.

సుబ్బమ్మ కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ నిదానంగా అంది: "నాకు మా అమ్మ దగ్గర్నించి వచ్చుంటది. మా పుట్టింటి వైపే లోపమని మా అత్తగారు ఏనాడో అంది."