మంచు మేనేజరు గారి శాలువా వైద్యం

కెనడాలో మేనేజర్లైన తెలుగువాళ్లు కోకొల్లలు. మేనేజరయ్యాక ఒక్క పూటయినా తలనొప్పి ఎరగని మొనగాడు మాత్రం ఒక్కడే, జనార్ధనరావు. ఈ మాట ఏ సభలోనైనా, ఏ దేవుడి పటం ముందైనా ప్రమాణం చేసి చెప్పగలను.

ఆయన నియామకం మామూలుగా జరగలేదు. నవంబరు మొదటి వారంలో ఆ ఊరి మునిసిపాలిటీ ఒక ప్రకటన విడుదల చేసింది. ఊరు గ్వెల్ఫ్‌కి అరగంట దూరం; పేరు అడక్కండి, మనవాళ్లు ఇంకా అక్కడ కాపురాలు చేసుకుంటున్నారు. "ఇకపై మన నగరం శీతాకాలానికి జడవదు. శీతాకాలమే మన నగరానికి సమాధానం చెప్పుకుంటుంది. ఈ మహత్కార్యానికి సారథిగా శ్రీ జనార్ధనరావును వింటర్ రెడీనెస్ మేనేజరుగా నియమించాము" అన్నది అందులోని సారాంశం. మంచు కూడా దాన్ని చదివినట్టుంది. ఆ సాయంత్రమే సమాధానం చెప్పుకోవడానికి దిగింది.

అంతకుముందు పదేళ్లపాటు ఆయన అదే ఆఫీసులో ఓ మూల కంప్యూటరు ముందు కూర్చుని, మంచు తీసే ప్లౌ ట్రక్కులు ఏ వీధి తర్వాత ఏ వీధికి వెళ్లాలో రూట్లు గీసేవాడు. రూటు బాగుంటే రోడ్డు తెరుచుకునేది. రోడ్డు తెరుచుకుంటే ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. ఆ నిశ్శబ్దమే ఆయనకు బోనస్. ఇప్పుడు ప్రమోషన్ ఇస్తూ, పొదుపు పేరు చెప్పి ఆ పాత పోస్టును ఎత్తేశారు. కొత్త పోస్టుకు ఏప్రిల్ దాకా ప్రొబేషన్. అందులో తప్పితే పై కుర్చీ పోతుంది, దిగి కూర్చోవడానికి కింద కుర్చీ లేదు. ఇంటి మీద మార్ట్‌గేజ్ ఉంది. కూతురు నిఖిల యూనివర్సిటీ మొదటి సంవత్సరంలో ఉంది.

మొదటి రోజే డైరెక్టరు బ్రెండా ఆయన్ని పిలిచి తత్వం బోధించింది. ఆఫీసులో ఆయన పేరు జాన్.

"జాన్, మంచు తియ్యడం డ్రైవర్ల పని. నీ పని ఎక్స్‌పెక్టేషన్స్ మేనేజ్ చెయ్యడం."

"మరి మంచు పడితే?"

"అప్పుడే కదా ఎక్స్‌పెక్టేషన్స్ మొదలయ్యేది!"

ఊళ్లో ఎనిమిది వార్డులు, ఎనిమిదిమంది కౌన్సిలర్లు. మంచు పడ్డ గంటకల్లా ఎనిమిది ఫోన్లు వచ్చేవి. ప్రతి ఒక్కరిదీ ఒకటే కోరిక: ముందు మా వార్డు తీయించు. జనార్ధనరావుకు ఒకరిని కాదనడం చేతకాదు, ఇంకొకరికి ఆజ్ఞలివ్వడం చేతకాదు. నిన్నటిదాకా తనతో కలిసి టిఫిన్ బాక్సు తెరిచిన డ్రైవర్ల మేస్త్రీ రాయ్ దగ్గరికి వెళ్లి, "రాయ్ గారూ, మీకు వీలుంటే, ఇబ్బంది లేకపోతే..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టేసరికి ట్రక్కు వెళ్లిపోయేది. అదీ వేరే వార్డుకి.

తలనొప్పి రాలేదని మొదట్లో రాశాను చూడండి, అది కొట్టెయ్యండి. వచ్చింది. మామూలుగా రాలేదు. కుడి కణత దగ్గర మొదలై, నుదుటి మీదుగా వార్డు సరిహద్దులు దాటుకుంటూ ఎడమ కణతకి చేరి, అక్కణ్నించి మెడకు దిగేది. మాత్రలు శనగల్లా నమిలేవాడు.

"ఏవండీ, ఆ ఫోను అవతల పారేసి అన్నం తినండి," అనేది భార్య కనకదుర్గ. "బీపీ మెషిను మీ చెయ్యి చూస్తేనే హడలిపోతోంది."

"కౌన్సిలర్ మార్గరెట్ మళ్లీ చేసింది కనకం. మూడో వార్డులో పోస్ట్ డబ్బాలు కనపట్టం లేదట."

"డబ్బా కనపడకపోతే ఉత్తరం మీ చేతికివ్వమనండి. తినండి ముందు."

ఆ ఏడు మంచు అలాగే ఉంది మరి. డిసెంబర్లో రోడ్డు పక్కన పార్క్ చేసిన కారును ఒకాయన ఫిబ్రవరిలో తవ్వి తీసుకుంటే, అది వేరేవాళ్ల కారని తేలింది. అప్పటికే అలవాటై అదే నడుపుకుంటున్నాడు.

మునిసిపాలిటీ ఉద్యోగుల ఆరోగ్యం పట్ల శ్రద్ధ గల సంస్థ. కొత్త మేనేజర్లందరికీ స్ట్రెస్ తట్టుకోవడం మీద ఒక పూట వర్క్‌షాప్ పెట్టింది. ట్రైనరు కళ్లు మూసుకోమని, "మీ స్ట్రెస్‌ను ఒక జంతువుగా ఊహించుకోండి" అంది.

"బర్రె," అన్నాడు జనార్ధనరావు.

"వండర్‌ఫుల్! అదేం చేస్తోంది?"

"రోడ్డుకి అడ్డంగా పడుకుంది."

"దాన్ని ప్రేమగా పక్కకు జరగమని చెప్పండి."

"మీరు బర్రెని ఎప్పుడూ చూళ్లేదా అండీ?"

సర్టిఫికెట్ ఇచ్చి పంపేశారు. బర్రె లేవలేదు.

ఇక వైద్యం ఎలా దొరికిందో చెబుతాను. ఆయన మేనేజరైనందుకు బ్రాంప్టన్‌లో తెలుగు సంఘం వారు స్కూలు జిమ్ములో సన్మానం చేసి ఒక శాలువా కప్పారు. మనవాళ్లు ఎవరికైనా డ్రైవింగ్ లైసెన్స్ వచ్చినా ఆ జిమ్ము బుక్ చేస్తారు. ఆఫీసులో చలికి మోకాళ్ల మీద వేసుకోమని కనకదుర్గ ఆ శాలువాను సంచిలో పెట్టి పంపింది. జనవరిలో ఒక ఉదయం మార్గరెట్ ఫోన్ చేయడం మానేసి స్వయంగా వచ్చింది. కోటు తడిసి ముద్దయింది, మొహం కందగడ్డలా ఉంది, బల్ల మీద చరుస్తూ కేకలు.

"నీ ప్రొబేషన్ సంగతి కమిటీలో చూస్తాను! నువ్వసలు ఏం చేస్తున్నావిక్కడ?"

నోరు పడిపోయినప్పుడు చేతులు తమకు తెలిసిన పని చేస్తాయి. ఆయన లేచి నిలబడ్డాడు. శాలువా తీశాడు, రెండు చేతులా విప్పి ఆవిడ భుజాల మీద కప్పాడు. కప్పాక ఏదో ఒకటి అనాలి కాబట్టి, జిమ్ములో తన గురించి చదివిన సన్మానపత్రమంతా ఆవిడకు ఇంగ్లీషులో అప్పజెప్పాడు. మచ్చలేని వ్యక్తిత్వం, చిరునవ్వుకు చిరునామా, శత్రువన్నవాడు ఇంకా పుట్టని మనిషి.

ఆవిడ కుర్చీలో కూలబడింది. కళ్లు తుడుచుకుంది.

"పదిహేనేళ్లుగా కౌన్సిలర్‌ని జాన్. జనం నాకు ఈమెయిల్లో తిట్లు తప్ప ఏమీ పంపలేదు." ముక్కు తుడుచుకుని, "ఆ శత్రువు పుట్టలేదన్న వాక్యం రాసిస్తావా? ఎన్నికల కరపత్రంలో వేసుకుంటాను" అంది.

ఫొటో తీసుకుని వెళ్లిపోయింది. మంచు మాట మర్చిపోయింది. ఆ రోజు జనార్ధనరావు మాత్ర వేసుకోలేదు.

మర్నాటికల్లా ఫొటో లోకల్ పేపర్లో పడింది. ఆ మర్నాడు మిగతా ఏడుగురు ఫోన్ చేశారు. ఈసారి వార్డు గురించి కాదు.

"మార్గరెట్ ఏం పొడిచింది?" అన్నాడు ఐదో వార్డాయన. "నేను మాత్రం శత్రువులున్నవాణ్ణా?"

కనకదుర్గ రంగంలోకి దిగింది. మన తెలుగు ఇళ్లలో ప్రతి అల్మరాలోనూ అడుగు అరలో నాలుగైదు సన్మానపు శాలువాలు ఉంటాయి. కప్పుకోరు, పారెయ్యరు. మిస్సిసాగా నుంచి నార్త్ యార్క్ దాకా నాలుగు ఫోన్లు కొట్టేసరికి జనం కారు డిక్కీల్లో తెచ్చి పోశారు. వద్దన్నా ఆగలేదు. నిఖిల సెలవులకు వచ్చి, హాల్లో ఆ గుట్ట చూసి నివ్వెరపోయింది.

"డాడ్, దిస్ ఈజ్ లిటరల్లీ బ్రైబరీ."

"లంచమంటే విలువైన వస్తువు ఇవ్వాలమ్మా," అన్నాడు జనార్ధనరావు శాంతంగా. "ఇవి శాలువాలు."

మునిసిపాలిటీ ఎథిక్స్ ఆఫీసరుకూ అదే అనుమానం వచ్చి విచారణ జరిపాడు. ఒక్కో శాలువా ఎవరు కొన్నారని అడిగితే, ఫలానా వారు కప్పారన్నారు. ఫలానా వారినడిగితే, వాళ్లకు ఇంకొకరు కప్పారన్నారు. అలా వెనక్కి వెనక్కి వెళ్లి, ఈ శాలువాలను భూమ్మీద ఎవరూ కొన్న దాఖలా లేదనీ, కాబట్టి వీటికి విలువ లేదనీ తేల్చాడు. నిష్పక్షపాతంగా విచారణ జరిపినందుకు ఆయనకూ ఒకటి కప్పారు. మెరూన్ రంగుది, జరీ అంచు.

వైద్యం పాకింది. ఏ వార్డు కౌన్సిలరుకు సన్మానమైతే ఆ వార్డులో సభ. సభ అన్నాక వెనకాల అలంకారం ఉండాలి. ప్లౌ ట్రక్కుల్ని వరసగా నిలబెడితే ఫొటో నిండుగా వస్తుందని బ్రెండా సలహా ఇచ్చింది. జనార్ధనరావు పదేళ్ల అనుభవమంతా రంగరించి, ట్రక్కులు ఒక సభ నుంచి ఇంకో సభకు దగ్గరి దారిలో వెళ్లేలా రూటు గీశాడు. ఆయన జీవితంలో గీసిన అన్నిటికన్నా అందమైన రూటు అదే.

"బాస్, మంచు ఎప్పుడు తియ్యాలి?" అన్నాడు రాయ్.

"ఫొటో అయిపోయాక."

"ఫొటో అయిపోయాక ఇంకో ఫొటో ఉంది బాస్."

"అది కూడా అయిపోయాక."

రాయ్ ఇంకో మాట అనబోయాడు. ఆయన భుజాల మీద శాలువా పడింది.

ఫిబ్రవరి వచ్చేసరికి కౌన్సిలర్ల ఫిర్యాదులు సున్నా. జనం ఫోన్ చేస్తే వాళ్లకు 'సహనశీల పౌరుడు' బిరుదు ఇచ్చి పోస్టులో శాలువా పంపేవారు. ఊళ్లో అందరూ మెత్తబడ్డారు. మెత్తబడనిది ఒక్కరే. ఏడో వార్డులో ఒంటరిగా ఉంటున్న ఈశ్వరమ్మగారు. కృష్ణా జిల్లాలో హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయి, కొడుకు విన్నిపెగ్‌కి ఉద్యోగం మారినా ఈ ఊరు వదలని మనిషి.

"నాయనా, నేను గడప దాటి వారమైంది. గుమ్మం ముందు నా నడుమెత్తు మంచు ఉంది. మందుల షాపుకి వెళ్లాలి."

"అమ్మా, మీ సహనానికి మా శాఖ తరఫున ఒక శాలువా..."

"నా దగ్గర పదకొండున్నాయి. రిటైరైన రోజే ఆరు కప్పారు. పార ఉంటే పంపించు."

జనార్ధనరావు ఫోన్ పెట్టేశాడు. శాలువా ఖరీదు తెలిసిన మనిషి ఎదురైతే ఏం చెయ్యాలో వర్క్‌షాప్‌లో చెప్పలేదు. రాయ్‌ని అడుగుదామంటే ట్రక్కులన్నీ నాలుగో వార్డు సభలో ఉన్నాయి. ఆఖరికి గ్యారేజీలోని పార కారులో వేసుకుని తనే వెళ్లాడు. కోటు విప్పి, గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి తీశాడు. ఊపు మీద పక్కింటి ముందూ తీశాడు, ఆ పక్కదీ తీశాడు. ఈశ్వరమ్మగారు కిటికీలోంచి, "ఆ మూల వదిలేశావు, ఆ మూల!" అని అరుస్తూనే ఉంది. వీధి చివరికి వచ్చి నడుం పట్టుకుని నిలబడ్డాక గమనించాడు: తల తేలిగ్గా ఉంది. బర్రె లేచి వెళ్లిపోయింది.

ఆవిడ ఇచ్చిన అల్లం టీ తాగి, పిలిస్తే మళ్లీ వస్తానని మాటిచ్చాడు.

మర్నాడు యూనియన్ నుంచి ఫిర్యాదు అందింది. మేనేజరు పార పట్టి మంచు తియ్యడం ఒప్పందానికి విరుద్ధం, అది డ్రైవర్ల పని.

"సారీ బాస్, రూలు," అన్నాడు రాయ్ చిన్నబోయి. "పని మాత్రం శుభ్రంగా చేశావు. ఒక్క మూల వదిలేశావంతే."

బ్రెండా తలుపు వేసి మరీ మందలించింది. "ఇంతకాలం నీ ఫైల్లో ఒక్క మచ్చ లేదు జాన్. ప్రొబేషన్‌లో ఉండి ఇదేం పని?" ఆ మధ్యాహ్నమే తలనొప్పి తిరిగొచ్చింది. కుడి కణత నుంచే.

ఏప్రిల్ నెలాఖర్లో రివ్యూ కమిటీ కూర్చుంది. బ్రెండా, మార్గరెట్, హెచ్ఆర్ నుంచి ఒక కొత్త పిల్ల. బయట ఎండ కాస్తోంది. రోడ్లు పొడిగా, తళతళలాడుతున్నాయి. బ్రెండా రిపోర్టు చదివింది. కౌన్సిలర్ల ఫిర్యాదులు: సున్నా. ఊళ్లో ఈ రోజుకి మంచు తొలగిన వీధులు: నూటికి నూరు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఒక్క ఆరోపణ మిగిలింది," అంది మార్గరెట్ బాధగా. "ఫిబ్రవరిలో ఒక వీధిలో మీరు స్వయంగా మంచు తీశారట. నిజమేనా?"

జనార్ధనరావుకు మార్ట్‌గేజ్ గుర్తొచ్చింది. నిఖిల ఫీజు గుర్తొచ్చింది. అల్లం టీ కూడా గుర్తొచ్చింది గానీ, దాన్ని మింగేశాడు.

"నిజమేనండి. ఆ రోజు బాగా స్ట్రెస్‌లో ఉన్నాను. ఇంకెప్పుడూ చెయ్యను."

కమిటీ ఊపిరి పీల్చుకుంది. పశ్చాత్తాపం ఉంది కాబట్టి పర్మనెంట్ చెయ్యవచ్చునని బ్రెండా పెన్ను తీసింది. అప్పుడు హెచ్ఆర్ పిల్ల చెయ్యెత్తింది.

"చిన్న డౌటు. డ్రైవర్లందరూ ఫొటోల్లో ఉన్నారు. మేనేజరు గారు తీసింది ఒక్క వీధి. మరి మిగతా ఊరంతా మంచు ఎవరు తీశారు?"

బ్రెండా కిటికీ వైపు చూసి, ఎండ కళ్లల్లో పడుతోందని తెర లాగింది. తర్వాత సంతకం పెట్టింది.

ఇదీ జరిగింది. వినేవాళ్లు అన్నీ అబద్ధాలే అంటారని తెలుసు కాబట్టి, నేను కల్పించినదేదో నేనే చెప్పేస్తాను. బర్రె కల్పన కాదు. వేరేవాళ్ల కారు నడిపినాయన కల్పన కాదు, ఇప్పుడు దానికి ఇన్సూరెన్స్ కూడా కడుతున్నాడు. ఎథిక్స్ ఆఫీసరు ఇప్పటికీ ఆ మెరూన్ శాలువాలోనే ఆఫీసుకు వస్తాడు. నేను చేర్చింది ఒక్కటే, ఆ హెచ్ఆర్ పిల్ల. అలాంటి పిల్ల ఆ గదిలో లేదు. ఆ మాట ఎవరూ అడగలేదు.