కనబడని పొరకు బొట్టు

బోధన్‌లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో కంటికి కనబడని వస్తువొకటి తయారైంది. దాన్ని అందరూ కళ్ళారా చూసి తరించేందుకు ఇటీవల ఘనంగా సభ జరిపారు.

వస్తువు గ్రాఫీన్ పొర. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైటును రేకులు రేకులుగా విడదీసి, నీళ్ళలో కలిపి, అద్దం పలక మీద చల్లి ఆరబెట్టాలి. పొర ఉన్నట్టే తెలియదు, కరెంటు మాత్రం పారుతుంది. అధ్యాపకురాలు శృతి రెండేళ్ళు తంటాలు పడితే నిలిచింది ఈ ఒక్క పలకే. మర్నాడు దాన్ని హైదరాబాదుకు పరీక్షకు పంపాలి. అక్కడ నెగ్గితేనే ఆమె ప్రయోగశాల నిలుస్తుంది.

ముఖ్య అతిథి, చెరకు రైతుల నాయకుడు భూమేష్ గారు పలకను తేరిపార చూసి "పొర ఏది?" అన్నారు.

"కనబడది సార్. గదే దాని గొప్పతనం," అంది శృతి.

కనబడని రోడ్లను ప్రారంభించిన అనుభవం ఆయనకు దండిగా ఉంది. ఫొటోలో ఏమీ పడదని ఫొటోగ్రాఫరే ఒప్పుకోలేదు. ప్రిన్సిపాల్ బాపురావు గారు వెంటనే ఏర్గట్ల పసుపు తెప్పించి, పలకకు నిండుగా పూసి, కుంకుమ బొట్టు పెట్టారు. శృతి "ముట్టొద్దు సార్," అంటూనే ఉంది.

"శుభకార్యంల అడ్డం రాకు బిడ్డా," అని మందలించి కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు పలక మీద చిందడంతో ఫొటో పాడవుతుందనిపించి, తన జేబురుమాలుతోనే తళతళలాడేలా తుడిచారు. ఆయన శుభ్రత జిల్లాలో ప్రసిద్ధం.

కరెంటు పారుతుందని చూపేందుకు పలకకు తగిలించిన బల్బు పొద్దున వెలిగింది కానీ, ఇప్పుడు మీట నొక్కితే వెలగలేదు. ఇలాంటి సభలెన్నో గట్టెక్కించిన టెంటుహౌస్ భీమన్న పలక వెనక చిన్న వైరు కలిపాడు. బల్బు మునుపటికన్నా దేదీప్యంగా వెలిగింది. సభంతా చప్పట్లు.

"నిజాంసాగర్ నీళ్ళు పారితే చెరకు పండింది. గిప్పుడు అద్దం మీద కరెంటు పారుతున్నది. గిది మన బోధన్ దిమాక్," అని భూమేష్ గారు ప్రసంగించారు.

శాలువా కప్పించుకున్న శృతి ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సార్, పలక మీద ఇప్పుడు ఏం లేదు. మళ్ళ చెయ్యాలె."

"ఏం లేకున్నా కరెంటు పారిందంటే, గంతకన్న సన్నంగ ఇంకెవలు చేస్తరు?" అన్నారు బాపురావు గారు.

ఆ తర్కం ప్రకారమే ప్రపంచంలోకెల్లా పలుచని పొర తమదేనని కళాశాల ప్రకటించింది. హైదరాబాదుకు పలక బదులు సభ ఫొటో వెళ్ళింది. మళ్ళీ చేస్తే మందం పెరిగే ప్రమాదముందని ప్రయోగశాలకు తాళం వేశారు.

పలక ఇప్పుడు ప్రిన్సిపాల్ గదిలో ఉంది. శృతి అటు పోదు. మీరు వెళ్ళి చూడండి. దాని మీద ఏమీ లేదని చూడగానే మీకు తెలుస్తుంది. అయినా అద్భుతంగా ఉందనే అంటారు, మీ పిల్లకు అక్కడే సీటు కావాలి కదా.