ప్లాంటులో కుళ్లు

"పటాన్‌చెరులో నేరస్థులకి కంటినిండా నిద్ర లేదంటే, దానికి కారణం ఈ బుర్ర!"

క్యాంటీన్‌లో తన తల తానే తట్టుకుంటూ ప్రకటించాడు వీర్రాజు. రాజమండ్రి నుంచి వచ్చి ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాగా చేరాడు. డిటెక్టివ్ పదవి మాత్రం తనకు తానే ఇచ్చుకున్నాడు. ఆ గొప్పలు ఓపిగ్గా వినేది ఫిట్టర్ ఐలన్న ఒక్కడే. కానీ ఆ రోజు వీర్రాజు చాటుగా విని మోసుకొచ్చిన కబురుకి ఐలన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మేనేజర్ నరసింహమూర్తిగారు ఫోన్‌లో వణికిపోతున్నారు. 'ప్లాంటు లోపలంతా కుళ్లిపోయింది, రేపే పోతిరెడ్డిపల్లికి తరలిస్తా, మా ఆవిడకి తెలిస్తే చచ్చానే' అంటున్నారు!"

"అంటే కంపెనీ లేపుతున్రా ఏంది?"

ఐలన్న పొలం ఈ షెడ్ల కిందే పోయింది. ఉద్యోగం పోతే తిరిగి దున్నుకోవడానికి గజం నేల లేదు.

"కంగారుపడకు. డిక్షనరీ తిరగేశాను. ప్లాంటంటే మొదటి అర్థం మొక్క. దాన్ని కొట్టేశా. అంత పెద్ద మేనేజరు మొక్క గురించి వణుకుతాడా? రెండోది ఫ్యాక్టరీ. మూడోది, శత్రువులు మన మధ్య నాటిన గూఢచారి! లోపల ఉండి కుళ్లేది వాడే!"

"వాన్నెట్ల పడ్తవన్నా?"

"మూలాల్లోకి వెళ్లి! లాటిన్‌లో ప్లాంటా అంటే అరికాలు. మొక్క నాటి అరికాలితో మట్టి అదిమేవారట, దాన్నుంచే ఈ మాట పుట్టిందట. కాబట్టి వాడి గుట్టు అరికాల్లోనే ఉంది!"

మర్నాడు షిఫ్టు దిగేవేళ గేటు దగ్గర కార్మికులంతా కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డారు. వీర్రాజు భూతద్దంతో ఒక్కో పాదం పరీక్షిస్తున్నాడు. ఐలన్న సిగ్గుతో చచ్చిపోతూనే అందరి చెప్పులూ పట్టుకున్నాడు.

"ఆహా! రహస్య మార్గాల మ్యాపు!"

"పగుళ్లన్నా, పగుళ్లు," అన్నాడు ఆ కాలు గల ఆసామి.

ఇంతలో నరసింహమూర్తి గోనెసంచి చుట్టిన మూటేదో గుండెకు హత్తుకుని హడావిడిగా వచ్చాడు.

"ఎడమ కాలు ఎత్తండి సార్!"

"పిచ్చా నీకు? జరుగు!"

"చట్టం ముందు అందరి అరికాళ్లూ సమానమే!" అంటూ వీర్రాజు మేనేజర్ కాలు పట్టి లాగాడు. ఆయన రెండు గంతులు వేసి కూలబడ్డాడు. మూట జారి భళ్లుమంది. కుండీ పెంకుల మధ్య కుళ్లిన వేళ్లతో ఓ క్రోటన్ మొక్క!

"అయిపోయింది! మా ఆవిడ ప్రాణంలా పెంచి ఆఫీసులో పెట్టమని ఇచ్చింది. నీళ్లు ఎక్కువపోసి నేనే కుళ్లబెట్టాను. పోతిరెడ్డిపల్లి నర్సరీవాడికి చూపించి బతికిద్దామనుకుంటే..."

"మరి మన కంపెనీ యాడికి పోదా సారూ?"

"కంపెనీ ఎక్కడికి పోతుందయ్యా?"

ఐలన్న చెప్పులన్నీ వదిలేసి అక్కడే చతికిలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఎవరికీ తెలియలేదు.

అంతలో కారు ఆగింది. మేనేజర్ భార్య వెంకటలక్ష్మి దిగి, పెంకులు చూసి నిప్పులు కురిపించింది.

"ఎవరండీ ఈ పని చేసింది?"

నరసింహమూర్తి ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. వేలెత్తి వీర్రాజును చూపించాడు.

"వీడే!"

వీర్రాజు గిరుక్కున వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు. ఓ క్షణం ఆలోచించి, వాచ్‌మన్ ముందు రెండు చేతులూ చాచాడు.

"కట్టెయ్యి తమ్ముడూ. నా చేతికొచ్చిన కేసులో దోషి తప్పించుకోవడమన్నది జరగదు!"