అలవాటు తరుగు

ఆ జిల్లా ఆసుపత్రిలో నొప్పిని రోగి ఒంట్లోంచి బయటికి తీసి, కాటా మీద తూచి, బరువును బట్టి మందు ఇచ్చేవారు. పది కిలోల లోపు ఉంటే పారాసెటమాల్ బిళ్ళ. ఇరవై లోపు ఉంటే ట్రమడాల్. ఇరవై దాటితే మార్ఫిన్ ఇంజెక్షను.

తీయడం కష్టమేమీ కాదు. నర్సు రెండు చేతులూ నొప్పి ఉన్నచోట ఆనించి మెల్లగా లాగితే వచ్చేసేది. దానికి రంగు ఉండదు. పిండిముద్దలా మెత్తగా, కాస్త వేడిగా ఉంటుంది. గోనెపట్టా మీద పెట్టి కాటా దగ్గరికి తెచ్చేవారు. తూకం జరిగినంతసేపూ రోగులు బెంచీ మీద కూర్చుని టీ తాగేవారు, ఊరి సంగతులు మాట్లాడుకునేవారు. తూకం కాగానే ఎవరి నొప్పి వాళ్ళకు తిరిగి ఎక్కించేవారు. మందు మనిషికి ఇస్తారు గాని కాటాకు ఇవ్వరు గదా. పైగా ఒంట్లో లేని నొప్పిని కాసేపు అలా వదిలేస్తే దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ ఒంట్లోకి దూరిపోతుంది.

కాటా చూసే పరాంకుశం గారు మార్కెట్ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు. అంతకుముందు మిరప యార్డులో తూకాలు చూసేవాడు. అక్కడ తేమకు, తొడిమకు, మట్టికి తరుగు తీయడం మామూలే కాబట్టి ఇక్కడా తరుగు పెట్టాడు. ఆడవాళ్ళకు ఒక తరుగు, కాన్పులు ఓర్చుకున్న ఒళ్ళు గనక. కూలీలకు ఒక తరుగు, ఎండకు, బరువుకు అలవాటు పడినవాళ్ళు గనక. అరవకుండా పడుకునేవాళ్ళకు ఇంకో తరుగు. అన్నిటికీ కలిపి అలవాటు తరుగు అని పేరు. పెద్దాఫీసువాళ్ళు దాన్ని మెచ్చుకున్నారు.

శౌరమ్మ మిరపకోతల మనిషి. రొమ్ములో పుట్టిన గడ్డ వెన్నుపూసలోకి దిగింది. ట్రమడాల్ వేసినప్పుడల్లా తల తిరిగి, తిన్నది కక్కుకునేది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉండేది. ఆమె దుప్పటి కొస నోట్లో కుక్కుకుని పడుకునేదేగాని అరిచేది కాదు. చేలో అబ్బా అన్న కూలిని మేస్త్రీ మర్నాడు పనికి పిలవడు. అలా మూతపడిన నోరు అది.

ఆవేళ ఆమె నొప్పి ఇరవై ఎనిమిది కిలోలు తూగింది. పరాంకుశం గారు మూడు తరుగులూ కలిపి పది కిలోలు తీసేసి, పద్దెనిమిది, ట్రమడాల్ అన్నాడు. వార్డు నర్సు దీవెన అప్పటికే చాలాసార్లు చెప్పింది, ఆ మందు ఈమెకు పనిచేయడం లేదని. మందు పనిచేయకపోవడం మందుల విభాగం చూసుకుంటుందని, తన పని తూకమని ఆయన మళ్ళీ చెప్పాడు.

బెంచీ మీద శౌరమ్మ జుట్టు ముడేసుకుంటోంది. చాలా రోజుల తర్వాత చేతులు పైకి లేచాయి ఆమెకు. ముడి బిగించుకుని కాటా దగ్గరికి నడిచి వచ్చింది.

“సారూ, నాకు పద్దెనిమిది ఎక్కించండి. ఆ పదీ నేను మోసుకుపోను.”

పరాంకుశం గారు అర్థం కానట్టు చూశాడు.

“యార్డులో తరుగు తీసిన కాయలు మళ్ళీ మా నెత్తిన ఎప్పుడన్నా పెట్టారా? కొన్నోడి దగ్గరే ఉంటయ్. తమరు ఎరగంది కాదు.”

ఆయన ఎరిగినదే. అయినా నర్సువైపు తిరిగి, మొత్తం ఎక్కించేయమన్నాడు.

“లెక్కలో లేని మందు ఎక్కిస్తే నేరం సార్,” అంది దీవెన. “లెక్కలో లేని నొప్పి ఎక్కిస్తే కాదా?”

పద్దెనిమిది కిలోలు కొలిచి తీసి, శౌరమ్మ వెన్నులో పెట్టి, ఆమెను వార్డుకు నడిపించుకుపోయింది. మిగతా పదీ కాటా మీదే ఉండిపోయింది. దగ్గర్లో ఉన్న ఒళ్ళు పరాంకుశం గారిదే.

ఆయన వేసిన కేక వీధిలోకి వినపడింది. ఆయన నొప్పినీ పద్ధతి ప్రకారం తీసి తూచారు. పది కిలోలే. అయితే అధికారులకు తరుగు ఉండదు, హోదా కూడిక ఉంటుంది. కూడిక కలిపితే ఇరవై ఒకటి అయింది. మార్ఫిన్ ఊపిరిని మందగింపజేస్తుంది కాబట్టి ఇచ్చేముందు ఊపిరి లెక్కపెట్టాలి. దీవెన ఆయన మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టి, ఇంజెక్షను చేసింది. ఆయన చంటిపిల్లాడిలా నిద్రపోయాడు.

మర్నాటి నుంచి రోగులందరూ తరుగు కాటా మీదే వదిలేసి పోసాగారు. జబ్బు ఉన్నచోట నొప్పి తెల్లారేసరికి మళ్ళీ అంతా ఊరేది. గుమాస్తాలు, స్టోర్ కీపరు, తనిఖీకి వచ్చిన అధికారి, వరసగా మంచం పట్టారు. ఉన్న మార్ఫిన్ అంతా వాళ్ళకే సరిపోయింది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తరుగు రద్దు చేయలేదు. కాటా తీసేశారు.

ఇప్పుడు అన్ని ఆసుపత్రుల్లో లాగే అక్కడా నోటితో అడుగుతున్నారు, సున్నా నుంచి పది దాకా నీ నొప్పి ఎంత అని. ఏడు దాటితే మార్ఫిన్. రోగి చెబుతాడు. వినేవాళ్ళు తరుగు మనసులో తీసుకుంటారు. అలా తీసింది కాటా మీద మిగలదు, ఎవరి ఒంట్లోకీ దూరదు. రోగి దగ్గరే ఉంటుంది.

శౌరమ్మ పక్క మంచం చినలింగయ్య తుంటి విరిగిన మనిషి, ఉన్నమాట చెప్పేవాడు. ఎనిమిది అన్నాడు. డాక్టరు అలవాటుగా మనసులో సగం తీసేసి, నాలుగు కింద లెక్కేసి పారాసెటమాల్ రాశాడు.

తర్వాత శౌరమ్మను అడిగారు.

“ఇరవై ఎనిమిది.”

పదికి మించి చెప్పకూడదమ్మా అన్నాడు డాక్టరు.

“చెప్పాను గదయ్యా. తమరు తీసుకునేది తీసుకోండి.”

దీవెన ఇరవై ఎనిమిదే రాసింది. డాక్టరు అలవాటుగా సగం తీసేశాడు. పద్నాలుగు మిగిలింది. ఎలా చూసినా అది ఏడుకు పైనే. దీవెన స్టూలు లాక్కుని, శౌరమ్మ ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

చినలింగయ్య తల ఇటు తిప్పి, రేపు తనను ఎంత చెప్పమంటావని అడిగాడు.

“నీకున్నదే చెప్పన్నా,” అంది శౌరమ్మ. “వాళ్ళు తీసేది కూడా కలిపి చెప్పు.”

ఇప్పుడు ఆ వార్డులో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మందు మాత్రం ఎవరిది వాళ్ళకు సరిగ్గా అందుతోంది.