పన్నెండు పాఠాలూ ఒక వేలూ

...అయినా, ఒక మనిషి ఒకచోట ఉన్నాడని చెప్పడానికి వేలే కావాలా? కావాలే అనుకుందాం, ఆ వేలు అతనిదే అయ్యుండాలా? సాక్ష్యం మాస్టారు పడక్కుర్చీలో వాలి ఇలాంటి లోతైన ఆలోచనల్లో ఉండగా, పక్క గదిలో ఆయన తరఫున ఆయన భార్య బటన్ నొక్కేసింది.

లా కాలేజీలో ఇరవయ్యారేళ్లుగా సాక్ష్య చట్టం చెబుతున్నందుకు ఆయనకి విద్యార్థులు పెట్టిన పేరది. ఆయన క్లాసులో సందేహం ఉన్నవాడు నోరెత్తకూడదు, చెయ్యెత్తాలి. ఆయన చూసేదాకా ఎత్తే ఉంచాలి. ఆయన చూపేమో కిటికీ మీద. అందుకని చాలా సందేహాలు భుజం నొప్పితోనే తీరిపోయేవి.

ఇప్పుడు కొత్త రూలొచ్చింది. ఫోన్లూ కంప్యూటర్లూ ఇచ్చే సాక్ష్యాల మీద పన్నెండు ఆన్‌లైన్ పాఠాలు వినాలి. వినకపోతే ఆయన క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పది నిమిషాలకోసారి తెర "ఉన్నారా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అని నొక్కాలి.

"నువ్వెలాగూ కుట్టు మిషన్ దగ్గరే ఉంటావుగా, ఓ వేలు సాయం చెయ్యి" అన్నాడు భార్యతో. ఆవిడ లాయర్ల నల్ల గౌన్లు కుడుతుంది.

"మరి పాఠం ఎవరు వింటారు?"

"దాని మానాన అది చెప్పుకుంటుంది. నేను చెప్పేదీ అంతేగా!"

మూడు వారాలు హాయిగా గడిచాయి. ఎక్కడో తన పేరుతో ఒకడు శ్రద్ధగా చదువుకుంటున్నాడన్న తృప్తితో ఆయనకి నిద్ర కూడా బాగా పట్టేది.

ఆ తరవాత పాఠాలు పెట్టినవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మంగళవారం ఉదయం పదీ ఇరవైకి మీరు ఇంట్లో 'ఉన్నాను' అని నొక్కారు. అదే పదీ ఇరవైకి కాలేజీ హాజరు యంత్రంలో వేలిముద్ర వేశారు. నిజానికి ఎక్కడున్నారో రేపు పదకొండింటికి వీడియోలో చెప్పగలరు."

నిందితుడు ఒకేసారి రెండు చోట్ల ఉండలేడని ఇరవయ్యారేళ్లు బల్లగుద్ది చెప్పిన మనిషి, తనే నిక్షేపంగా రెండు చోట్లా ఉన్నాడు.

"నేను ఇంట్లో లేనప్పుడు ఎందుకు నొక్కావే?"

"ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం మీరున్నారా? మీ గురక ఉంది. ఎనిమిదో పాఠం మంచి పట్టులో ఉందండీ, ఆపలేకపోయాను."

ఆయన అటూ ఇటూ పచార్లు చేశాడు. "యంత్రం పొరపాటు పడిందంటాను."

"బాగానే పనిచేసిందని దాన్ని చూసుకునేవాళ్లు సంతకం పెట్టి కాగితం ఇస్తారు. ఏడో పాఠం" అంది ఆవిడ దారం కొరుకుతూ.

"రికార్డు ఎవరో దిద్దారంటాను."

"ప్రతి ఫైలుకీ వేలిముద్రలాంటి పొడుగాటి అంకె ఒకటుంటుంది. ఒక్క సెకను దిద్దినా అది మారిపోతుంది. తొమ్మిదో పాఠం."

ఆయన గొంతు తగ్గింది. "పోనీ, నొక్కింది నువ్వని చెబుతాను."

"అప్పుడు నన్ను పిలుస్తారు. ఎందుకు నొక్కావమ్మా అంటే, ఆయన నిద్రపోతున్నారండీ అంటాను."

"కట్టుకున్న మొగుడి మీదే సాక్ష్యం చెబుతావా?"

"అబద్ధం చెప్పమని పన్నెండింట్లో ఏ పాఠంలోనూ లేదండీ."

అప్పుడు ఆయనకి లోపల ఏదో కలుక్కుమంది. భయమేమో అనుకున్నాడు. కాదు, అసూయ. తను ఎప్పుడో ఆగిపోయిన వీధిలో ఆవిడ నాలుగిళ్లు ముందు నడుస్తోంది, చేతిలో కత్తెరతో.

మర్నాడు పదకొండింటికి కెమెరా ముందు కూర్చుని నిజం చెప్పేశాడు. "నేను వినలేదండీ. విన్నది మా ఆవిడ." అవతలి అధికారిణి నవ్వాపుకోవడానికి కాసేపు కాగితాలు సర్దింది. చివరికి పది రోజులు గడువిచ్చింది: మొదటి పాఠం నుంచీ, కెమెరా తెరిచి ఉంచి, సొంత వేలితో.

మూడో పాఠంలోనే చిక్కుపడ్డాడు. "ఇదిగో, ఫోన్లో ఉన్నదాంట్లో అసలేది, నకలేది?"

మిషన్ ఆగలేదు.

"నిన్నేనే!"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ తొక్కుతోంది. "మీ క్లాసులో సందేహం వస్తే ఏం చెయ్యాలండీ?"

ఆయన గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. కెమెరా వైపు చూశాడు. అది చూస్తూనే ఉంది.

మెల్లగా చెయ్యెత్తాడు. ఆవిడ తల తిప్పేదాకా ఎత్తే ఉంచాడు.